ఫిరంగికా, కొళాయికా: రూపాయి ఎటు పోవాలో తేల్చుకోలేని సీమవాళ్లకు

కోసిగి దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో ఎదురెదురుగా రెండు ఇళ్లున్నాయి. డిసెంబరు దాటాక వెళితే ఒక ఇంటికి తాళం ఉంటుంది. మేకలు దూరకుండా తలుపుకు అడ్డంగా కంప కొట్టి, ఇంట్లోవాళ్లంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయి ఉంటారు. ముసలామె ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఎదురింట్లో ఉండేది మిలిటరీలో చేసి రిటైరైన హవల్దారు. నెల తిరిగేసరికి పింఛను పడుతుంది. గేటుకు నీలం రంగు వేయించాడు, వాకిట్లో చిన్న కిరాణా బంకు పెట్టుకున్నాడు. ముసలామెకు రాత్రిపూట సంగటి ముద్ద ఆ ఇంటినుంచే వస్తుంది.

దేశానికి ఆయుధాలు ముఖ్యమా, అన్నం నీళ్లు ముఖ్యమా అని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు ఆ వీధి గుర్తొస్తుంది. ముప్పయ్యేళ్లు కర్నూలులో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ వక్తృత్వ పోటీల్లో ఈ అంశం ఉండేది. సగంమంది సియాచిన్ గురించి కంటతడి పెట్టించేవారు, సగంమంది ఆకలి గురించి. లెక్క చెప్పినవాళ్లు మాత్రం అరుదు. ఏ పక్షం తీసుకోవాలో తెలియక మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

ముందు కొలతలు

ఏ ప్రతిపాదన విన్నా నేను నాలుగు ప్రశ్నలు వేస్తాను.

మొదటిది, డబ్బు ఎవరి జేబులోది? రక్షణ పూర్తిగా కేంద్రం ఖర్చు. ఆసుపత్రి, బడి ఎక్కువగా రాష్ట్రం ఖర్చు. ఈ తేడా మరిచిపోతే చర్చంతా తప్పుదారి పడుతుంది. కేంద్రం పంచాల్సిన పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం అని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తేల్చింది. అంటే ఆ కాలంలో పంచే ప్రతి 100 రూపాయల్లో మన వంతు రూపాయి 66 పైసలు. ఈ వాటా పన్నుల వసూళ్ల మీద ఆధారపడుతుంది. రేపు ఢిల్లీలో ఒక యుద్ధవిమానం కొనడం మానేసినంత మాత్రాన అమరావతి ఖాతాలో ఒక్క రూపాయి కూడా అదనంగా పడదు. మిగిలిన డబ్బును కేంద్రమే తన పథకాల్లో పెట్టాలి.

రెండోది, ఆగితే ఏమవుతుంది? కొన్ని ఖర్చులు వచ్చే ఏడాదికి వాయిదా వేయొచ్చు, కొన్నిటిని వేయలేం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లవాడి పళ్లు పసుపుపచ్చ గారలు కట్టాక, ఎముకలు వంగాక, పదేళ్ల తర్వాత మంచినీళ్లిచ్చినా అవి మళ్లీ మామూలుకు రావు. అనంతపురం, కడప పల్లెల్లో తిరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కానీ సైన్యానికీ ఇదే వర్తిస్తుంది. 1962 చైనా యుద్ధంలో చలికి తగిన బట్టలు, బూట్లు కూడా సరిగా లేకుండా మనవాళ్లను హిమాలయాలెక్కించాం. యుద్ధం మొదలయ్యాక కొందామంటే బట్టలూ రావు, తుపాకులూ రావు. అప్పటిదాకా జీడీపీలో 2 శాతం దగ్గరున్న రక్షణ ఖర్చు ఆ దెబ్బతో రెండేళ్లలోనే దాదాపు రెట్టింపయింది.

మూడోది, ఆ రూపాయి మన ప్రాంతంలో ఎంత తిరుగుతుంది? నాలుగోది, లెక్క అడిగే హక్కు ఎవరికుంది? 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పథకానికి సామాజిక తనిఖీ ఉంటుంది. మస్టర్లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఎవరి పేరుంది, ఎవరికి కూలి పడింది అని గ్రామసభలో నిలబెట్టి అడగొచ్చు. క్షిపణి లెక్కను ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ చూస్తుంది, పార్లమెంటు చూస్తుంది. రచ్చబండ దగ్గర మనం అడిగేదేమీ ఉండదు.

లెక్క ఒకసారి చూడండి

2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం రూ.50.65 లక్షల కోట్లు. ఇంత పెద్ద అంకె బుర్రకెక్కదు కాబట్టి తలకు ఎంతో లెక్కగట్టాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 121 కోట్లమంది, ఉమ్మడి అనంతపురం జిల్లాలో 40.8 లక్షలమంది. చివరి వరుసలో ఉన్నది ఆ దామాషా ప్రకారం జిల్లా జనానికి వచ్చే వాటా మాత్రమే. నిజంగా అక్కడ ఖర్చయిన డబ్బు అనుకోవద్దు.

| పద్దు (2025-26) | మొత్తం, రూ. కోట్లు | తలకు, రూ. | ఉమ్మడి అనంతపురం వంతు, రూ. కోట్లు |
|---|---|---|---|
| పాత అప్పుల వడ్డీ | 12,76,000 | 10,540 | 4,300 |
| రక్షణ మొత్తం | 6,81,210 | 5,626 | 2,296 |
| అందులో పింఛన్లు | 1,60,795 | 1,328 | 542 |
| అందులో కొత్త ఆయుధాలు, సామగ్రి, నిర్మాణాలు | 1,80,000 | 1,486 | 606 |
| విద్య (కేంద్రం వాటా) | 1,28,650 | 1,062 | 433 |
| ఆరోగ్యం (కేంద్రం వాటా) | 99,859 | 825 | 337 |
| ఉపాధి హామీ | 86,000 | 710 | 290 |
| జల్ జీవన్ మిషన్ (ఇంటింటికీ కొళాయి) | 67,000 | 553 | 226 |

ఈ పట్టిక చూడగానే "ఆరోగ్యానికి 825, ఆయుధాలకు 5,626, ఎంత అన్యాయం!" అనిపిస్తుంది. తొందరపడకండి. విద్య, ఆరోగ్యం మీద రాష్ట్రాలు పెట్టే పెద్ద ఖర్చు ఇందులో లేదు. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు జీతం ఈ పట్టికలో కనిపించదు. జైసల్మేరులో జవాను జీతం మాత్రం కనిపిస్తుంది. ఇంకొకటి, రక్షణ పద్దులో దాదాపు నాలుగో వంతు పింఛన్లే. మా మేనత్త ఊరి నీలం గేటు, ముసలామె సంగటి ముద్ద ఆ 1,60,795 కోట్లలోవే. దాన్ని ఫిరంగి ఖర్చు అనాలో, సంక్షేమం అనాలో మీరే చెప్పండి.

అన్నిటికంటే పెద్ద పద్దు వడ్డీ. దాని మీద వక్తృత్వ పోటీ ఎవరూ పెట్టరు.

మొదటి దారి: రక్షణకు పెంచుతూ పోవడం

2024-25లో రక్షణకు రూ.6.22 లక్షల కోట్లు, మరుసటి ఏడు రూ.6.81 లక్షల కోట్లు. తొమ్మిదిన్నర శాతం పెంపు. దీని వెనుక వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వైమానిక దళానికి 42 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల జట్లు) ఉండాలన్నది ఆమోదించిన లెక్క. 2025 సెప్టెంబరులో మిగ్-21లు సెలవు తీసుకున్నాక మిగిలినవి 29. ఒకవైపు పాకిస్తాన్, ఇంకోవైపు మనకంటే మూడున్నర రెట్లకు పైగా ఖర్చు పెట్టే చైనా. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణలో ఏం జరిగిందో చూశాం. ఆ రోజుల్లో సరిహద్దులో ప్రాణం ఇచ్చినవాళ్లలో మన సీమ పిల్లవాడూ ఉన్నాడు.

మనకు తిరిగి వచ్చేదెంత? కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్ల పరీక్షా కేంద్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించారు. టీవీలో కర్నూలు పేరు మోగింది, సంతోషమే. కానీ పరీక్షా కేంద్రం ఫ్యాక్టరీ కాదు. అక్కడ శాస్త్రవేత్తలుంటారు, కంచె ఉంటుంది. ఊళ్లోవాళ్లకు దొరికేది కాంట్రాక్టు పని, కాపలా పని. పాలసముద్రం దగ్గర సైన్యానికి ఎలక్ట్రానిక్ సామగ్రి చేసే బెల్ సంస్థకు భూములిచ్చి ఏళ్లు గడిచాయి. ఇలాంటి చోట ఉత్పత్తి జోరుగా సాగితేనే రక్షణ రూపాయి ఇక్కడ నాలుగు చేతులు మారుతుంది.

డబ్బు పెంచినంత మాత్రాన సామగ్రి వస్తుందనీ లేదు. 83 తేజస్ విమానాలకు 2021లో దాదాపు 48 వేల కోట్ల ఒప్పందం కుదిరింది. ఇంజన్లు సమయానికి రాక సరఫరా ఆలస్యమైంది. 2024-25లో ఆయుధ కొనుగోళ్లకు కేటాయించిన 1.72 లక్షల కోట్లలో కొంత ఖర్చు కాక, సవరించిన అంచనాల్లో 1.59 లక్షల కోట్లకు దించారు.

రెండో దారి: రక్షణలో కోసి సంక్షేమానికి ఇవ్వడం

వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, ఆయన సైన్యాధిపతిగా చేసిన మనిషే, ఒక బాంబర్ విమానం ఖర్చుతో 30కి పైగా పట్టణాల్లో ఒక్కో బడి కట్టొచ్చని ప్రసంగంలో లెక్క చెప్పాడు. అప్పటినుంచి ఈ లెక్క అన్ని భాషల్లో తిరుగుతోంది. కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసింది. మన సరిహద్దులు చూశాక ఆ ఉదాహరణను పక్కన పెట్టేయొచ్చు.

మన లెక్క వేద్దాం. రక్షణలో 10,000 కోట్లు కోశారనుకోండి. తలకు 83 రూపాయలు. ఉమ్మడి అనంతపురానికి సుమారు 34 కోట్లు, కర్నూలుకు దాదాపు అంతే, కడపకు 24 కోట్లు. 34 కోట్లతో ఏమవుతుంది? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు రూ.307. ఒక కుటుంబానికి వంద రోజులకు రూ.30,700. దాదాపు 11 వేల కుటుంబాలకు ఏడాది కూలి. సుగ్గికి పోయే ఇళ్లలో 11 వేల ఇళ్లకు కంప కొట్టకుండా ఆపగలిగితే అది చిన్న విషయం కాదు. కానీ జిల్లా కరువు తీరిపోతుందని మాత్రం ఎవరూ ఆశపెట్టొద్దు.

ఇక్కడే నన్ను ఆలోచనలో పడేసిన అంకె ఒకటుంది. 2024-25లో జల్ జీవన్ మిషన్‌కు బడ్జెట్లో 70,163 కోట్లు రాశారు. సవరించిన అంచనాల్లో అది 22,694 కోట్లయింది. ఇంటింటికీ కొళాయి కోసం కాగితం మీద పెట్టిన 47 వేల కోట్లు ఆ ఏడాది కొళాయిదాకా రానే లేదు. దాన్ని ఏ క్షిపణీ మింగలేదు. ఇప్పటికే రాసిన డబ్బే ఇలా ఆగిపోతుంటే, సైన్యం దగ్గర కోసి తెచ్చినదాని గతి వేరుగా ఉంటుందా? చిల్లుకుండలో ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం?

మూడో దారి: రక్షణ పద్దు లోపలే సర్దడం

ఇది ఇప్పటికే జరుగుతోంది, అగ్నిపథ్ పేరుతో. 2022లో మొదలైంది. నాలుగేళ్ల కొలువు, మొదటి ఏడు చేతికొచ్చేది నెలకు 21,000. నాలుగేళ్ల తర్వాత 25 శాతం మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్లకు సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపేస్తారు. అందులో సగం వాళ్ల జీతంలో పట్టుకున్నదే. పింఛను లేదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే అర్థమయ్యేదే. పింఛన్ల భారం తగ్గితే ఆయుధాలకు డబ్బు మిగులుతుంది, సైన్యం సగటు వయసూ తగ్గుతుంది. మన వీధి వైపు నుంచి చూస్తే, మిగిలిన ఆ డబ్బు తాళం వేసిన ఇంటికి రాదు. నీలం గేటు ఇంట్లోంచి తీసి విమానానికి పెడతారు. నాలుగు మడులున్నా నీళ్లు లేని రైతు ఇంటికి మిలిటరీ పింఛనే పంటబీమా. రెండు పక్షాలూ సరిగా చర్చించనిది ఇదే అని నాకనిపిస్తుంది. సీమలో సంక్షేమం కొంత సైన్యం దారిలోనే వచ్చింది, ఆ దారి ఇప్పుడు ఇరుకవుతోంది.

నాలుగో దారి: మొత్తం ముట్టుకోకుండా, పెంపును పంచడం

నేను మొగ్గేది ఇటే. ఉన్నదాంట్లో కోయాలంటే గొడవ, కొత్తగా వచ్చేదాంట్లో పంచుకోవడం తేలిక. అన్నదమ్ముల పంపకాల్లోనూ ఇదే చూస్తుంటాం. 2025-26లో రక్షణకు పెరిగింది 59,270 కోట్లు. ఉపాధి హామీకి ఆ ఏడు పెరిగింది సున్నా, నిరుడూ 86,000 కోట్లే. పెంపులో సగం రక్షణకు ఉంచినా నాలుగున్నర శాతానికి పైగా పెరిగినట్టే, మామూలు ధరల పెరుగుదలను తట్టుకుంటుంది. మిగతా సగం జనాభా లెక్కన పంచితే ఉమ్మడి అనంతపురం వంతు ఏడాదికి సుమారు 100 కోట్లు. ఏటా ఇలాగే చేస్తే అది పేరుకుంటుంది.

లోపం లేదా అంటే ఉంది. సరిహద్దులో గట్టి గొడవ వచ్చిన ఏడు ఈ సూత్రం నిలవదు, నిలవకూడదు కూడా. స్క్వాడ్రన్ల కొరత తీరడం ఆలస్యమవుతుంది. పైగా, ఆ 100 కోట్లు పంపులు నడవడానికి, కొళాయిలు చెడితే బాగుచేయడానికి వెళ్లాలి గాని ఇంకో శిలాఫలకానికి కాదు. సీమకు నీళ్లు తెచ్చే హంద్రీ-నీవా పథకం మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లను ఎత్తిపోయడంతో మొదలవుతుంది. కాలువ తవ్వడం ఒక్కసారి ఖర్చు, కరెంటు ఏటా ఖర్చు. సామాజిక ఖర్చుల్లో చాలావాటి స్వభావం ఇదే. ప్రారంభోత్సవానికి డబ్బు దొరుకుతుంది, నిర్వహణకు దొరకదు.

| | ఎవరి జేబు | ఆగితే నష్టం | సీమకు తిరిగి వచ్చేది | లెక్క అడగడం |
|---|---|---|---|---|
| పెంచుతూ పోవడం | కేంద్రం | నీళ్లు, ఆరోగ్యం వెనకపడతాయి | ఫ్యాక్టరీలు వస్తే బాగా, లేకపోతే కొంచెమే | పార్లమెంటులో |
| కోసి ఇవ్వడం | కేంద్రం నుంచి కేంద్రానికే | సైన్యం సన్నద్ధత | తలకు లెక్క చిన్నది | గ్రామసభలో, డబ్బు దిగితే |
| లోపల సర్దడం | కేంద్రం | కుర్రాళ్ల భవిష్యత్తు | పింఛను ఇళ్లు తగ్గుతాయి | కష్టం |
| పెంపు పంచడం | కేంద్రం, కొంత రాష్ట్రం | రెండువైపులా కొంచెం కొంచెం | ఏటా పెరుగుతుంది | గ్రామసభలో |

మీరెవరు అన్నదాన్ని బట్టి

సుగ్గికి పోయే ఇల్లయితే ఢిల్లీ రక్షణ బడ్జెట్ చర్చ మీకు దూరం. మీకు దగ్గరగా ఉన్నది కరువు పని, అంటే ఉపాధి హామీ. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది, కానీ ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలంది. ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది. కాబట్టి ఇకనుంచి "పని ఎందుకు పెట్టలేదు" అన్న ప్రశ్న అమరావతికి కూడా వేయాలి. నవంబరులో, మూటాముల్లె సర్దకముందే, పని కావాలని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. పిల్లలను వదిలి వెళ్లాల్సి వస్తే సీజనల్ హాస్టల్ ఉందేమో బడిలో కనుక్కోండి. ఈ రెండు పనులకూ ఏ యుద్ధవిమానమూ అడ్డు కాదు.

రిటైరైన సైనికుడి ఇల్లయితే, "రక్షణ ఖర్చు తగ్గించాలి" అనేవాళ్లందరూ మీ పింఛను మీద పడ్డారని అనుకోకండి. చాలామంది మాట్లాడేది కొనుగోళ్ల గురించి. అయితే అసలు కోత మీ తర్వాతి తరం పింఛనులో ఇప్పటికే పడింది, అదీ రక్షణకు పెంచుతున్న కాలంలోనే.

పన్ను కట్టే ఉద్యోగి అయితే పై పట్టికలో మొదటి వరుస మళ్లీ చూడండి. అంతకంటే చెప్పేదేం లేదు.

వక్తృత్వ పోటీకో, గ్రూప్స్ వ్యాసానికో తయారవుతుంటే, రక్షణ మొత్తాన్ని కేంద్రం ఆరోగ్య పద్దుతో నేరుగా పోల్చకండి. లోకజ్ఞానమున్న పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు. కేంద్రం, రాష్ట్రం కలిపిన ఆరోగ్య ఖర్చుతో పోల్చండి. పింఛన్లు విడదీసి చెప్పండి. బడ్జెట్లో రాసింది వేరు, సవరించింది వేరు, చివరికి ఖర్చయింది వేరు. మూడూ చూడండి.

మిలిటరీలో చేరాలనుకునే కుర్రాడయితే మీ లెక్క అందరికంటే కష్టం. మా అక్క కొడుకు ఆ లెక్కలోనే ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత పాతికశాతంలో ఉంటాడో, డెబ్బయ్యయిదులో ఉంటాడో వాడికి తెలియదు. సేవానిధితో బోరు వేయిస్తానంటాడు వాడి నాన్న. 600 అడుగులు వేసినా నీళ్లు పడని నేల అది, 11 లక్షలు బోరులో పోయినా పోతాయి. వాళ్లమ్మ డిగ్రీ పూర్తి చేయమంటుంది. నేను చెప్పింది ఒకటే: దూరవిద్యలో డిగ్రీ ఆపకు, కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే అదీ వదలకు, సేవానిధిని బోరు దగ్గరికి పోనీయకు. వాడు తలూపాడు. విన్నాడో లేదో తెలియదు.

సైన్యం ఎంపిక పరీక్షలో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెడితే పూర్తి మార్కులు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు గ్రౌండుకు వెళ్తాడు, ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడతాడు. మొన్న 5 నిమిషాల 50 సెకన్లు.